దక్షిణాది మజ్జిగ బిస్కెట్ – మన వంటింట్లో, మన చేత్తో

బిస్కెట్ అనగానే మనకి గుర్తొచ్చేది ఇరానీ చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్. లేకపోతే చిన్నప్పుడు జ్వరం వస్తే పాలల్లో నానబెట్టి పెట్టిన గ్లూకోజ్ బిస్కెట్. ఆ ఊహతోనే అట్లాంటాలోనో, షార్లెట్‌లోనో, నాష్‌విల్‌లోనో పొద్దున్నే హోటల్‌కి వెళ్ళి బిస్కెట్ అడిగిన కొత్తవారి ముందుకి ఏమొస్తుంది? రెండంగుళాల ఎత్తున పొంగి, పైన బంగారు రంగులో వేగి, విప్పితే పొరలు పొరలుగా విడిపోయే మెత్తటి రొట్టె! "ఇదేం బిస్కెట్ బాబూ!" అనుకుంటూనే రెండోది అడిగిన వాళ్ళు మనలో చాలామందే ఉంటారు.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇది మన ఇడ్లీ లాంటిది. మనకి నచ్చే సంగతి ఇంకోటి ఉంది. దీని ప్రాణం మజ్జిగలో ఉంది. పైగా ఇందులో గుడ్డు ఉండదు. పెద్ద పనిముట్లేవీ అక్కర్లేదు, ఒక గిన్నె, రెండు చేతులు చాలు. ఎందుకు ఏం చేస్తున్నామో తెలిస్తే అరగంటలో అయిపోయే పని. ఆ "ఎందుకు" కొంచెం వివరంగా చెప్పుకుందాం.

పేరు వెనక కథ

బిస్కెట్ అనే మాటకి లాటిన్ మూలంలో "రెండుసార్లు కాల్చినది" అని అర్థం. ఓడ ప్రయాణాలకి నిలవుండేలా గట్టిగా కాల్చిన రొట్టెలకి ఆ పేరు వచ్చింది. బ్రిటన్‌లో ఆ పేరు గట్టి బిస్కెట్లకే ఉండిపోయింది, అదే మనకి వచ్చింది. అమెరికాలో వాటిని కుకీలు, క్రాకర్లు అన్నారు. బిస్కెట్ అనే పేరు మాత్రం ఈ మెత్తటి రొట్టెకి స్థిరపడింది.

బేకింగ్ సోడా లేని రోజుల్లో పిండి పొంగించడం తేలిక కాదు. దక్షిణాది సంపన్నుల ఇళ్ళలో "బీటెన్ బిస్కెట్" అని చేసేవారు. పిండిముద్దని చెక్క సుత్తితో అరగంటా, అంతకంటే ఎక్కువసేపూ బాదితే అందులో గాలి బుడగలు చేరి బిస్కెట్ కొద్దిగా గుల్లబారేది. బాదింది ఎవరు? ఎక్కువగా ఆ ఇళ్ళలో బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీలు. తిన్నవారి పేర్లు చరిత్రలో మిగిలాయి గానీ, చేసినవారి పేర్లు చాలావరకు మిగల్లేదు.

మిగిలిన కొద్ది పేర్లలో ఒకటి ఆబీ ఫిషర్. దక్షిణ కరోలినాలో బానిసత్వంలో పుట్టి, తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో చేరిన ఆమె 1881లో ఒక వంటల పుస్తకం వెలువరించారు. ఆమెకి చదువు రాదు. తాను చెబుతుంటే ఇతరులు రాశారు. ఆ పుస్తకంలో మొట్టమొదటి వంటకం మేరీలాండ్ బీటెన్ బిస్కెట్! బిస్కెట్లు కోసే అచ్చుకి 1875లో పేటెంట్ పొందిన అలెగ్జాండర్ ఆష్‌బోర్న్ కూడా నల్లజాతివారే.

1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనే ఇద్దరు బేకింగ్ సోడా అమ్మకం మొదలుపెట్టారు. ఆ తర్వాత పదేళ్ళకి బేకింగ్ పౌడర్‌కి దారి చూపిన పేటెంట్ హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్‌కి వచ్చింది. అవి వంటింట్లోకి వచ్చాక బాదుడు తప్పింది. అయినా గోధుమపిండి ఖరీదు కాబట్టి పేదల ఇళ్ళలో రోజూ మొక్కజొన్న రొట్టే, ఆదివారం మాత్రమే బిస్కెట్. మన పల్లెల్లో ఒకప్పుడు రోజూ సంకటీ, జొన్నరొట్టే తిని, పండక్కి వరన్నం వండుకున్నట్టే అన్నమాట. మిగిలిన మొక్కజొన్న రొట్టెని మజ్జిగలో నలుపుకు తినే అలవాటు కూడా అక్కడ ఉంది. మన చద్దన్నం గుర్తుకు రావడం లేదూ?

పిండి: గట్టిది కాదు, మెత్తనిది

గోధుమపిండిలో నీళ్ళు పోసి పిసికితే సాగే గుణం వస్తుంది కదా. దానికి కారణం అందులోని ప్రోటీన్ల వల్ల ఏర్పడే గ్లూటెన్. పరోటాకి అది కావాలి, అందుకే పిండిని బాగా మర్దిస్తాం. బిస్కెట్‌కి అది ఎంత తక్కువైతే అంత మంచిది.

దక్షిణాదిలో పండే మెత్తరకం శీతాకాలపు గోధుమలో ప్రోటీన్ తక్కువ. టెనెసీలోని నాక్స్‌విల్‌లో 1883లో మొదలైన వైట్ లిలీ పిండికి పేరు రావడానికి కారణం అదే. (నాక్స్‌విల్ మిల్లు 2008లో మూతపడింది, పిండి మాత్రం ఇప్పటికీ దొరుకుతోంది.) దానిలో ప్రోటీన్ సుమారు 8 నుంచి 9 శాతం. మామూలు ఆల్ పర్పస్ పిండిలో 10 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. మీ ఊళ్ళో మెత్తటి పిండి దొరక్కపోతే సగం ఆల్ పర్పస్, సగం కేక్ పిండి కలుపుకోండి. చపాతీల ఆటా మాత్రం వద్దు.

సెల్ఫ్ రైజింగ్ అని రాసున్న పిండిలో బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపి ఉంటాయి. అది వాడితే మళ్ళీ వేయకండి.

వెన్న: చల్లగా ఉండాలి, కరగకూడదు

జంతికల పిండికి వెన్నో, కాచిన నూనో పట్టించి కలిపితే జంతికలు గుల్లగా వస్తాయని మన అమ్మమ్మలకి తెలుసు. పిండి రేణువుల చుట్టూ కొవ్వు పొరలా పడితే వాటికి నీరు సరిగా అందదు, గ్లూటెన్ సాగదు. ఇక్కడా అదే సూత్రం.

కానీ తేడా ఒకటుంది. బిస్కెట్లో వెన్న పూర్తిగా కలిసిపోకూడదు. బఠాణీ గింజలంత ముక్కలు అక్కడక్కడ మిగలాలి. వెన్నలో 16 శాతం పైగా నీరు ఉంటుంది. వేడి ఓవెన్‌లో ఆ ముక్క కరిగి, అందులోని నీరు ఆవిరై, పైపొరని ఎత్తుతుంది. వెన్న ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. అదే పొర! తాపేశ్వరం కాజాకి మడతల మధ్య నెయ్యీ పిండీ రాసి పొరలు తెచ్చినట్టు, ఇక్కడ ఆవిరితో తెస్తామన్నమాట.

మరి నెయ్యి వేస్తే? నెయ్యిలో నీరు ఉండదు, గది వేడికే మెత్తబడుతుంది. రుచి బాగానే ఉంటుంది గానీ నాన్‌ఖటాయిలా పొడిపొడిగా రాలుతుంది, పొరలు రావు.

శాకాహారులకి ఒక మాట. పాత పద్ధతిలో వాడేది పంది కొవ్వు. 1911లో వచ్చిన క్రిస్కో లాంటి వనస్పతి కొంత దాని స్థానం తీసుకుంది. అయినా బయట తినేటప్పుడు ఏ కొవ్వు వాడారో అడగడం మంచిది. పైన పోసే తెల్లటి గ్రేవీలో కూడా సాధారణంగా పంది మాంసం సాసేజ్ ఉంటుంది. ఇంట్లో చేసుకుంటే ఈ బెంగ లేదు.

మజ్జిగ: మన మజ్జిగ కాదు

కొట్లో బటర్‌మిల్క్ అని అమ్మేది వెన్న తీశాక మిగిలిన మజ్జిగ కాదు. తక్కువ కొవ్వున్న పాలని తోడు బాక్టీరియాతో పులియబెట్టింది. చిక్కగా, పుల్లగా ఉంటుంది. ఆ పులుపులోని లాక్టిక్ ఆమ్లం వంటసోడాతో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పిండి పొంగుతుంది.

అది లేకపోతే ముప్పావు కప్పు పుల్ల పెరుగులో పావు కప్పు పాలు పోసి గిలక్కొట్టండి, చక్కగా సరిపోతుంది. అన్నంలోకి చేసుకునే పల్చటి మజ్జిగ మాత్రం పనికిరాదు. నీరెక్కువై పిండి జారిపోతుంది.

బేకింగ్ పౌడర్ రెండు విడతలుగా పనిచేస్తుంది, తడి తగలగానే కొంత, ఓవెన్ వేడికి మిగిలినది. కొన్ని రకాల్లో అల్యూమినియం లవణం ఉండి లోహపు రుచి వస్తుంది. వర్జీనియా వంటలకి పేరు తెచ్చిన ఎడ్నా లూయిస్ ఆ రుచి నచ్చక క్రీమ్ ఆఫ్ టార్టార్, వంటసోడా కలిపి తన పౌడర్ తనే చేసుకునేవారు. మనం అల్యూమినియం లేని డబ్బా కొనుక్కుంటే చాలు.

కావలసినవి (8 బిస్కెట్లకి)

- మెత్తటి గోధుమపిండి – 2 కప్పులు (సుమారు 250 గ్రాములు)
- బేకింగ్ పౌడర్ – 1 టేబుల్ స్పూన్
- వంటసోడా – పావు టీ స్పూన్
- ఉప్పు – ముప్పావు టీ స్పూన్
- ఉప్పు లేని చల్లటి వెన్న – 6 టేబుల్ స్పూన్లు (85 గ్రాములు)
- చల్లటి బటర్‌మిల్క్ – ముప్పావు కప్పు నుంచి 1 కప్పు

చేసే విధానం

1. ముందు ఓవెన్‌లో దాచుకున్న మూకుళ్ళు, పెనాలు బయటికి తీయండి! మన ఇళ్ళలో చాలావరకు అది అలమరే కదా. తర్వాత 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడి చేయండి. వేడి చాలకపోతే ఆవిరి పుట్టేలోపే వెన్న కారిపోతుంది.

2. పిండి, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు కలిపి జల్లించండి. వెన్నని చిన్న ముక్కలుగా కోసి పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి.

3. వెన్న ముక్కలని పిండిలో వేసి వేళ్ళ కొసలతో నలపండి. అరచేయి వాడకండి, దాని వేడికి వెన్న కరుగుతుంది. కొంత రవ్వలా, కొంత బఠాణీ గింజల్లా ఉన్నప్పుడు ఆపేయండి.

4. మధ్యలో గుంట చేసి ముప్పావు కప్పు మజ్జిగ పోయండి. గరిటెతో పదీ పదిహేను సార్లు తిప్పితే చాలు. పొడిపిండి మిగిలితే మరికాస్త పోయండి. ముద్ద గరుకుగా, కొంచెం జిగటగా ఉండాలి. చపాతీ పిండిలా నున్నగా వచ్చిందంటే ఎక్కువ కలిపినట్టే.

5. పిండి చల్లిన పీట మీద వేసి చేత్తో అంగుళం మందాన తట్టండి. అప్పడాల కర్ర అక్కర్లేదు. ఉత్తరంలా మూడు మడతలు పెట్టి, మళ్ళీ తట్టండి. ఇలా మూడుసార్లు. చివరికి ముప్పావు అంగుళం పైన మందం ఉండాలి.

6. పదునైన అచ్చుని నిలువుగా దించి, నిలువుగా తీయండి. మెలిపెట్టకండి. మెలిపెడితే అంచులు అతుక్కుని పొంగవు. స్టీలు గ్లాసు అంచు మొద్దుగా ఉంటుంది కాబట్టి దానికంటే కత్తితో చతురస్రాలుగా కోయడం మేలు. పిండి కూడా వృథా కాదు.

7. పళ్ళెంలో ఒకదానికొకటి తగిలేలా పెట్టండి. ఒకదాన్నొకటి ఆనుకుని పక్కలకి పాకకుండా పైకి లేస్తాయి. 12 నుంచి 15 నిమిషాల్లో పైన బంగారు రంగు వస్తుంది. తీయగానే కరిగించిన వెన్న కాస్త రాయండి.

ఎక్కడ తేడా వస్తుంది?

పొంగకపోతే బేకింగ్ పౌడర్ పాతదై ఉండొచ్చు. వేడి నీళ్ళలో అర చెంచా వేసి చూడండి, బుసబుసా పొంగితే మంచిదే. వెన్న కరిగినా, మరీ పల్చగా తట్టినా అంతే.

గట్టిగా వస్తే ఎక్కువ పిసికినట్టు, లేదా పిండి ఎక్కువైనట్టు. కప్పుని సంచిలో ముంచి నొక్కి తీస్తే 125 గ్రాములకి బదులు 150 గ్రాములు కూడా రావచ్చు. చెంచాతో కప్పులో పోసి పైన సమం చేయండి, లేదా తూచండి.

సబ్బు రుచి వచ్చినా, పైన గోధుమరంగు మచ్చలు కనిపించినా సోడా ఎక్కువైనట్టు, లేదా సరిగా కలవనట్టు.

పని రోజుల్లో తీరిక లేనివారు కోసిన పచ్చి బిస్కెట్లని ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టి నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరి.

దేనితో తినాలి?

వెన్న, తేనె మామూలే. టెనెసీ, కెంటకీల్లో సోర్గమ్ పాకం పోసుకుంటారు. సోర్గమ్ అంటే మన జొన్నే! తీపి జొన్న కర్రల రసాన్ని కాచి చిక్కబరిచిన ఆ పాకం మన బెల్లం పాకానికి దగ్గర చుట్టం. కారం ఇష్టపడేవారు పెసరట్టులో నంచుకునే అల్లం పచ్చడితో తిని చూడండి. పిండిలోనే సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త జీలకర్ర వేసినా బాగుంటుంది.

ఒక్క హెచ్చరిక. ఈ కొలతతో ఒక్కో బిస్కెట్ దాదాపు 200 కేలరీలు, 5 గ్రాముల పైన సంతృప్త కొవ్వు. మధుమేహం, గుండెజబ్బుల ముప్పు దక్షిణాసియా వారికి ఎక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కాబట్టి అక్కడివారి పాత పద్ధతే మనకీ మంచిది: ఆదివారం ఆదివారం, తలకొకటి లేక రెండు.

మీరు దక్షిణాదిలో ఉంటే, పక్కింటి పెద్దావిడ బిస్కెట్లు చేస్తారేమో అడిగి, ఒక పూట పక్కన నిలబడి చూడండి. ఆవిడ కొలతలు చెప్పకపోవచ్చు. "ముద్ద చేతికి ఇలా తగలాలి" అంటారంతే. "ఉప్పు చూసి వెయ్యి, పిండి పట్టినంత పొయ్యి" అనే మన అమ్మల మాటే అది. చూసినవాళ్ళు రాసుకోకపోతే ఇలాంటి చేతి విద్యలు ఒక తరంతో ఆగిపోతాయి. ఆబీ ఫిషర్ చెబుతుంటే ఎవరో కూర్చుని రాశారు కనకే ఆవిడ బిస్కెట్ ఇవాళ మనకి తెలిసింది. పిల్లలకి ఈ బిస్కెట్ నేర్పేటప్పుడు, అదే కాగితం రెండోవైపు మీ అమ్మగారి జంతికల కొలత కూడా ఆవిణ్ణే అడిగి రాయించండి. ఆవిడ "చూసి వెయ్యి" అంటే, ఎంత చూశారో తూచి రాసుకోండి!