పని పోయిన రోజుల్లో సగం జీతం: మనకు తెలియకుండా పోయిన హక్కు

పని పోయినవాడికి ప్రభుత్వమే కొంతకాలం జీతంలో భాగం ఇస్తుందంటే అది అమెరికా ముచ్చట అనుకుంటాం. నిజమే, కరోనా కాలంలో అమెరికా ఆ పని పెద్ద ఎత్తున చేసింది. 2020 మార్చి 27న వచ్చిన చట్టం ద్వారా, మామూలుగా ఇచ్చే నిరుద్యోగ భృతికి తోడు వారానికి 600 డాలర్లు అదనంగా జులై నెలాఖరు వరకు చెల్లించింది. సొంతంగా పని చేసుకునేవారిని కూడా అందులో చేర్చింది. అయితే అదే సంవత్సరం మన దేశంలోనూ ఇలాంటి భృతి ఒకటి రెట్టింపయింది. ఆ సంగతి మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఆ పథకం ఏమిటి?

జీతం చీటీలో ‘ఇ.ఎస్.ఐ.’ అనే కోత ఉంటుంది. చాలామంది దాన్ని ఆస్పత్రి ఖర్చుల కోసమే అనుకుంటారు. ఆ ఇ.ఎస్.ఐ. కార్పొరేషనే 2018 జులై 1 నుంచి ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’ను అమలులోకి తెచ్చింది. ఉపాధి కోల్పోయిన బీమా కార్మికుడికి సగటు రోజు సంపాదనలో 25 శాతం చొప్పున, జీవితంలో ఒకసారి, గరిష్ఠంగా 90 రోజులకు భృతి ఇవ్వడం దాని ఉద్దేశం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పనులు ఆగిపోయాయి. ఆ ఆగస్టులో కార్పొరేషన్ నిబంధనలు సడలించింది. మార్చి 24 నుంచి డిసెంబరు 31 వరకు పని పోయినవారికి భృతిని 50 శాతానికి పెంచింది. మూడు నెలలు ఆగాల్సిన చోట 30 రోజుల తరువాతే దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యం, పాత యజమాని చేత కాగితం పంపించుకోవలసిన పని లేకుండా, కార్మికుడే నేరుగా బ్రాంచి ఆఫీసుకు దరఖాస్తు ఇచ్చుకునే వీలు కల్పించింది. పనిలోంచి తీసేసిన యజమాని చుట్టూ సంతకం కోసం తిరగడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. పెంచిన భృతిని తరువాత 2022 జూన్ వరకు పొడిగించారు.

లెక్క చూద్దాం

నెలకు 12,000 రూపాయల జీతగాడి రోజు సంపాదన 400 రూపాయలు. పాత లెక్కన 90 రోజులకు 9,000 రూపాయలు, పెంచిన లెక్కన 18,000. ఇది దానం కాదు. 2019 జులైలో ఖరారైన రేటు ప్రకారం ఆ కార్మికుడి జీతంలోంచి నెలకు 90 రూపాయలు, యజమాని వాటాగా 390 రూపాయలు ఆ నిధికి చేరుతూనే ఉన్నాయి.

షరతులు కూడా ఉన్నాయి. పని పోయేనాటికి కనీసం రెండేళ్ళు బీమా ఉద్యోగంలో ఉండాలి. దానికి ముందరి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకు ముందరి మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవారికి, తమంతట తామే మానేసినవారికి ఇవ్వరు. లాకౌట్ కాలానికి కూడా వర్తించదు. జూట్ మిల్లుల్లో తరచు లాకౌట్లు చూసిన నెల్లిమర్ల ప్రాంత కార్మికులు ఈ తేడా గమనించాలి. మిల్లు శాశ్వతంగా మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా 2005లో మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన వేరే ఉంది.

ఎవరు మిగిలిపోయారు?

పైడిభీమవరం మందుల కంపెనీల్లోనో, హైదరాబాదు, చెన్నై వెళ్ళి ఫ్యాక్టరీల్లోనో పనిచేసే మనవాళ్ళకు ఈ దారి ఉంది. కానీ మెకానిక్ షెడ్డులో కుర్రాడికి, ఇంట్లో మిషను కుట్టే అక్కకు, ఆటో నడిపే భాయికి, గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుపడి 2020 ఏప్రిల్ చివర బస్సుల్లో ఇళ్ళకు చేరిన ఉత్తరాంధ్ర మత్స్యకారులకు బీమా నెంబరే లేదు. వారికి అందినవి వేరే సాయాలు: రైస్ కార్డు కుటుంబాలకు వెయ్యి రూపాయలు, జన్ ధన్ ఖాతాలున్న స్త్రీలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు, ఆ మే నెలలో ఇమాములు, మౌజన్లు, అర్చకులు, పాస్టర్లకు ఒకసారి 5,000 రూపాయలు. అవి ఆ పూటకు అక్కరకు వచ్చాయి. కానీ దయతో వచ్చే సాయం వేరు, చందా కట్టి సంపాదించుకున్న హక్కు వేరు.

ఇక మన వంతు

సాధారణంగా పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో, 2017 నుంచి ఉన్న 21,000 రూపాయల పరిమితి లోపల జీతం తీసుకునేవారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. మీ బిడ్డ అలాంటి చోట చేరితే మొదటి నెలలోనే బీమా నెంబరు అడిగి రాసిపెట్టుకోండి. కంపెనీ మారినా ఆ నెంబరు మారదు. ఆధార్‌లో, బ్యాంకు పాసుపుస్తకంలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన పేర్లలో ‘షేక్’, ‘మహమ్మద్’ ఒకచోట ముందు, మరోచోట వెనుక పడి పనులు ఆగిపోవడం కొత్తేమీ కాదు. జీతం చీటీలు పారేయకండి. పథకం తాజా గడువు, నిబంధనలు బ్రాంచి ఆఫీసులో కనుక్కోండి.

జుమా నమాజు తరువాత నలుగురూ కలిసిన చోట ఎవరికి పని పోయిందో తెలుస్తుంది. అప్పుడు ఓదార్పు మాటతో పాటు ‘నీకు ఇ.ఎస్.ఐ. ఉందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. చదువుకున్న పిల్లలు ఉంటే దరఖాస్తు నింపిపెట్టండి. అడగనివాడికి అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సింది మన సొంత డబ్బే.