అవుట్‌ర్యాంక్: అపోహలు – వాస్తవాలు

అవుట్‌ర్యాంక్ అనే ఇంగ్లిష్ క్రియకు అర్థం, ఒకరి ర్యాంకు మరొకరి ర్యాంకుకు పైన ఉండటం. పై ర్యాంకు ఉంటే పెత్తనమూ ఉన్నట్టేనన్నది దీని గురించిన అతి పెద్ద అపోహ. అమెరికాలో జాయింట్ చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ ఛైర్మన్ పదవిలో ఉన్నంతకాలం సాయుధ దళాల అధికారులందరికీ పైవాడని చట్టం సరిగ్గా ఈ క్రియతోనే చెబుతుంది. ఆ వెంటనే, ఏ దళం మీదా ఆయనకు సైనిక ఆజ్ఞాధికారం లేదని తేల్చేస్తుంది. హోదాతో దబాయించి పని జరిపించుకోవడాన్ని ఇంగ్లిష్‌లో పుల్ ర్యాంక్ అంటారు. అది వేరే సంగతి.

తొలి సేనాని కాబట్టి జార్జ్ వాషింగ్టన్‌ను మించిన ర్యాంకు అమెరికాలో ఎవరికీ దక్కలేదని చాలామంది అనుకుంటారు. నిజానికి 1799లో కన్నుమూసేనాటికి ఆయన లెఫ్టినెంట్ జనరల్. తర్వాత వచ్చిన నాలుగు, అయిదు నక్షత్రాల జనరల్స్ అందరూ కాగితం మీద ఆయనకు పైవాళ్లే. ఈ వెలితి పూడ్చడానికి 1976లో కాంగ్రెస్ చట్టం చేసి మరీ ఆయనకు జనరల్ ఆఫ్ ది ఆర్మీస్ ర్యాంకు ఇచ్చింది. చనిపోయిన 177 ఏళ్లకు వచ్చిన ప్రమోషన్ అది!

ర్యాంకు పేర్లను నమ్ముకుంటే తికమక తప్పదు. విశాఖలోని నౌకాదళ కెప్టెన్, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని ఆర్మీ కెప్టెన్‌కు మూడు మెట్లు పైన ఉంటాడు. ఆయన హోదా కల్నల్‌తో సమానం. మేజర్ లెఫ్టినెంట్‌కు పైవాడే గానీ, మేజర్ జనరల్ మాత్రం లెఫ్టినెంట్ జనరల్‌కు కిందివాడు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఆ హోదా పేరు సార్జెంట్ మేజర్ జనరల్. ముందున్న సార్జెంట్ కాలక్రమంలో ఊడిపోయింది.

వాడుకలోనూ పొరపాట్లున్నాయి. ‘కంటే’ అలవాటు కొద్దీ తెలుగువాళ్లు ఈ క్రియ పక్కన ‘దాన్’ చేరుస్తారు. ‘సీనియర్ టు’ నోటికి పట్టినవాళ్లు ‘టు’ పెడతారు. రెండూ తప్పే. ‘ఎ కల్నల్ అవుట్‌ర్యాంక్స్ ఎ మేజర్’ అంటే చాలు. స్థితిని చెప్పే క్రియ గనుక ‘ఈజ్ అవుట్‌ర్యాంకింగ్’ సైనిక హోదాలకు పొసగదు. సెర్చ్ ఫలితాల్లో పూటకో తీరుగా మారే వెబ్‌సైట్ల స్థానాలకైతే ఆ రూపం ధారాళంగా వాడుతున్నారు. ఇది మనుషులకే పరిమితమైన మాట కూడా కాదు: బ్రిడ్జ్ ఆటలో పాట పాడేటప్పుడు ఇస్పేటు ఆటీనును అవుట్‌ర్యాంక్ చేస్తుంది.