కటాఫ్ గీతకు అటూ ఇటూ

ఐదు, ఎనిమిది తరగతుల వార్షిక పరీక్ష తప్పిన పిల్లలకు రెండు నెలలు అదనంగా పాఠాలు చెప్పి మళ్లీ పరీక్ష పెట్టాలి, అదీ తప్పితే అదే తరగతిలో ఉంచాలి అంటూ కేంద్రం 2024 డిసెంబరులో నిబంధనలు ప్రకటించింది. దాంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. ఆపితే పిల్లవాడు గట్టిపడతాడా, బడే మానేస్తాడా?

అమెరికాలో దీని మీద రెండు దశాబ్దాల అనుభవం ఉంది. మూడో తరగతి ముగిసేసరికి తడుముకోకుండా చదవలేని పిల్లల్ని పైతరగతికి పంపకూడదని ఫ్లోరిడా 2002లో, మిసిసిపీ 2013లో, మిషిగన్ 2016లో చట్టాలు చేశాయి. మూడే ఎందుకంటే, నాలుగో తరగతి నుంచి సైన్సయినా సాంఘికమయినా పుస్తకం చదివే అర్థం చేసుకోవాలి కాబట్టి.

ఆపడం మంచిదో కాదో తేల్చడానికి పరిశోధకులు చాలాకాలం ఒక తప్పు దారి పట్టారు. ఆగిన పిల్లల్నీ, పైకి వెళ్లిన పిల్లల్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆగినవాళ్లు తర్వాత కూడా వెనకబడే ఉన్నారు కనుక ఆపడమే హాని అన్నారు. కానీ టీచరు ఒక పిల్లవాణ్ని ఆపిందంటే ఆమెకు కారణాలు కనిపించే ఉంటాయి. బడికి సరిగా రాకపోవడం, ఇంట్లో ఇబ్బందులు, ఎంత చెప్పినా అక్షరాలు నిలవకపోవడం. ఆ కారణాలే వాణ్ని తర్వాత కూడా వెనక్కి లాగుతాయి. ఆపడం చేసిన పనెంతో, ఆ కారణాలు చేసిన పనెంతో ఈ పోలికలో విడదీయలేం.

విడదీసే ఉపాయం చట్టంలోనే దాగి ఉంది. అదే కటాఫ్ మార్కు. మిషిగన్‌లో ఆ నిబంధన ఉన్నప్పుడు 1252 వచ్చిన పిల్లవాడు ఆగిపోవాల్సిన జాబితాలోకి వెళ్లేవాడు, 1253 వచ్చినవాడు తప్పించుకునేవాడు. ఈ ఇద్దరి మధ్య నిజమైన తేడా ఏముంది? ఒక ప్రశ్న, ఒక నిద్రలేని రాత్రి, ఒక చిన్న జ్వరం. గీతకు మరీ దగ్గరగా ఉన్న పిల్లల్ని చట్టం దాదాపు లాటరీ తీసినట్టే విడదీసేది! మూడో తరగతి మార్కుల వరసలో పిల్లల్ని నిలబెట్టి, వాళ్ల తర్వాతి ఏళ్ల మార్కులతో గ్రాఫు గీస్తే అది నున్నగా సాగాలి. కటాఫ్ దగ్గర మాత్రం ఒక్కసారిగా గెంతితే, ఆ గెంతు ఆ నిబంధన వల్ల వచ్చిందే.

ఈ చట్టాల్లో ఉన్న మినహాయింపుల వల్ల గీత కింద ఉన్నవాళ్లందరూ ఆగరు. దానికీ లెక్క ఉంది. గీత దగ్గర ఆగేవాళ్లు నూటికి 50 మంది పెరిగి, గ్రాఫులో గెంతు 5 మార్కులే కనిపిస్తే, నిజంగా ఆగిన పిల్లవాడి మీద ప్రభావం 10 మార్కులన్నమాట.

థిసిల్త్‌వెయిట్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు 1960లోనే స్కాలర్‌షిప్పుల అధ్యయనంలో ఈ పద్ధతి వాడారు. ఇంత అందమైన ఆలోచనను ఆర్థికవేత్తలు దశాబ్దాలపాటు దాదాపు పట్టించుకోలేదంటే నమ్మబుద్ధి కాదు. తీరా వాడి చూస్తే రెండు పక్షాలవాళ్లూ కొంత తప్పేనని తేలింది. షికాగోలో ఎనిమిదో తరగతిలో ఆగినవాళ్లు బడి మానేయడం పెరిగింది. ఫ్లోరిడాలో మూడో తరగతిలో ఆగినవాళ్లు మొదట బాగా పుంజుకున్నారు. అదే వయసువాళ్లతో పోలిస్తే ఆ లాభం కొన్నేళ్లకు కరిగిపోయింది. హైస్కూలు పూర్తిచేసే అవకాశం పెరగలేదు, తగ్గనూ లేదు. పైగా ఫ్లోరిడా పిల్లల్ని ఊరికే ఆపలేదు. వేసవి పఠన శిబిరాలు, రోజూ 90 నిమిషాల పఠనం, మంచి పేరున్న టీచరు, ఇవన్నీ జతచేసింది. ఆ లాభంలో ఆపడం వాటా ఎంతో ఈ గ్రాఫు కూడా చెప్పలేదు.

అప్పుడొచ్చింది కరోనా. మిషిగన్ చట్టం పిల్లల్ని మొదటిసారి ఆపాల్సిన ఏడాది సరిగ్గా 2020. మార్చిలో బడులు మూతపడ్డాయి, పరీక్షే లేదు, నిబంధన పక్కన పెట్టేశారు. మిసిసిపీ 2021లో పరీక్ష పెట్టింది కానీ దాని ఆధారంగా ఎవరినీ ఆపలేదు. అన్నిటిలోకీ తెలివైన నిర్ణయం అదే. ఎవరు ఎక్కడున్నారో తెలిసింది, శిక్ష పడలేదు. టెన్నెసీ మాత్రం 2021 జనవరిలో కొత్త చట్టమే తెచ్చింది. అది మొదట తగిలింది 2023లో మూడో తరగతి ముగించిన పిల్లలకు, అంటే బడులు మూతపడినప్పుడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నవాళ్లకు. వాళ్లలో 40 శాతం మందే మొదటి పరీక్షలో గట్టెక్కారు. మళ్లీ పరీక్ష, వేసవి బడి, ట్యూషన్ అంటూ దారులు తెరిస్తే, చివరికి ఆగినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. మిషిగన్ 2021 నుంచి పిల్లల్ని ఆపడం మొదలుపెట్టినా, 2023 మార్చిలో ఆ నిబంధననే రద్దు చేసింది.

మహమ్మారి ఏడాదిలో పాత ఫలితాలు ఎందుకు పనికిరావు? ఎందుకంటే ఫ్లోరిడా లాభం మామూలు ఏడాదిలో గీత దగ్గర నిలిచిన పిల్లవాడిది. బడి మూతపడితే తరగతి మొత్తం కిందికి జారుతుంది. మరో ఏడాదైతే గీతకు ఎంతో పైన ఉండే పిల్ల ఇప్పుడు దాని కింద తేలుతుంది. ఆమె లోటు బోధన దొరకకపోవడం. దానికి మందు బోధనే. తరగతిలో సగం మందిని ఆపితే ఆ తరగతిలో గదులూ టీచర్లూ చాలరు.

జారుడు ఎంతో తెలుగు పల్లెలకు తెలుసు. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం గ్రామాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. తెలంగాణలో ఆ శాతం 18.1 నుంచి 5.2కు పడిపోయింది. ఆ పాఠాన్నే కటాఫ్‌గా పెట్టి ఉంటే తెలంగాణ పల్లెల్లో నూటికి దాదాపు 95 మంది మూడులోనే ఉండిపోయేవారు.

కేంద్రం 2024 నిబంధనలు ఆ రెండు నెలల బోధనకు అదనపు టీచర్లను ఇవ్వలేదు. లోపాలు గుర్తించి సరిదిద్దే పని తరగతి టీచరుదే. పైగా ఆ నిబంధనలు మొదలయ్యేది ఐదో తరగతి దగ్గర, అంటే ఫ్లోరిడా గీత కన్నా రెండేళ్లు ఆలస్యంగా.