పరగడుపున నడవాలా? తిన్న తరువాత నడవాలా?

ఉదయము లేచిన వెంటనే పరగడుపున నడవాలా, లేక ఏదైనా తిన్న తరువాత నడవాలా? ఒకప్పుడు ఇది పట్నములోని ఉద్యోగస్థుల ప్రశ్నగా ఉండేది. ఇప్పుడు మన పల్లెల్లో కూడ రచ్చబండ దగ్గర, పాలకేంద్రము దగ్గర, ఆదివారము ఆరాధన ముగిసి చెట్టు క్రింద నిలబడినప్పుడు ఇదే మాట వినబడుచున్నది. ఒకరు "తిని నడిస్తే ఆ నడక దండుగ" అంటారు. మరొకరు "తినకుండ నడిస్తే కళ్ళు తిరిగి పడిపోతారు" అంటారు. ఇద్దరూ తమ అనుభవముతోనే చెబుతారు. ఇద్దరి మాటలోను కొంత నిజమున్నది.

మా ఇంటిలో ఈ ప్రశ్న మాటలతో తేలలేదు. కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఉదయము మా మేనమామగారు షుగరు బిళ్ళ వేసుకొని, "వచ్చి తింటానులే" అని అత్తయ్యతో చెప్పి కాలువగట్టు మీదికి నడకకు వెళ్ళారు. దారిలో పాత స్నేహితుడు కలిశాడు. మాటల్లో పడి రోజుకన్న చాల దూరము వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు చేతులు వణికాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది, మాట తడబడింది. తూము మీద కూలబడిపోయారు. చూచినవారు కొందరు "పొద్దున్నే తాగినట్టున్నాడు" అనుకొని ప్రక్కగా వెళ్ళిపోయారు. పాలు పోయడానికి వెళుతున్న ఒక కుర్రవాడు మాత్రము ఆగాడు. టీ కొట్టు నుండి చక్కెర నీళ్ళు తెచ్చి త్రాగించాడు. పావుగంటలో మామయ్యగారు తేరుకున్నారు. ఆ అబ్బాయి తల్లికి షుగరు ఉన్నదట, అందుచేత అతనికి ఆ గుర్తులు తెలుసును. తెలిసినవాడు ఒకడు ఆ దారిన రాకపోయి ఉంటే ఏమయ్యేదో అని మేము నేటికీ తలచుకుంటాము.

అప్పటి నుండి ఈ సంగతిని గూర్చి తెలుసుకున్న విషయములు మన కుటుంబములకు ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాము.

తెల్లవారే వేళకు శరీరములో ఏమున్నది?

రాత్రి ఎనిమిది గంటలకు అన్నము తిని ఉదయము ఆరు గంటలకు లేచామంటే పది గంటల ఉపవాసమే గదా! ఆ పది గంటలూ మెదడు, గుండె పని చేస్తూనే ఉంటాయి. వాటికి కావలసిన చక్కెరను కాలేయము కొంచెము కొంచెముగా రక్తములోనికి వదులుతూ ఉంటుంది. కాలేయములో సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు చక్కెర గ్లైకోజెన్ రూపములో నిలువ ఉంటుంది. గాదెలోని గింజలవంటివి ఇవి. తెల్లవారేసరికి కాలేయపు గాదె బాగా తగ్గుతుంది గాని కండరముల గాదె చాలవరకు అట్లే ఉంటుంది. అందువలననే ఆరోగ్యముగా ఉన్న మనిషి ఏమీ తినకుండ అరగంట, ముప్పావుగంట నడిచినా ఇబ్బంది పడడు.

పరగడుపున రక్తములో ఇన్సులిన్ తక్కువగా ఉంటుంది. ఇన్సులిన్ తక్కువగా ఉన్నప్పుడు శరీరము దాచుకున్న కొవ్వును బయటికి తీసి వాడుకుంటుంది. తిన్న తరువాత ఇన్సులిన్ పెరుగుతుంది గనుక, శరీరము ముందుగా ఆ తిండిలోని చక్కెరనే ఖర్చు చేస్తుంది. కాబట్టి "పరగడుపున నడిస్తే కొవ్వు కరుగుతుంది" అన్న మాట ఆ నడక సాగినంతసేపటికి నిజమే.

మరి బరువు తగ్గుతుందా?

ఇక్కడే చాలమంది పొరపడుతున్నారు. 2014లో అమెరికా పరిశోధకులు 20 మంది యువతులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుచేత పరగడుపున, మరియొక గుంపుచేత తిన్న తరువాత, వారానికి మూడు రోజులు ఒక్కొక్క గంట చొప్పున వ్యాయామము చేయించారు. అందరూ మితముగానే తిన్నారు. నాలుగు వారముల తరువాత చూస్తే రెండు గుంపులవారూ బరువు తగ్గారు గాని, వారి మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఉదయము కొవ్వు కొంచెము ఎక్కువ ఖర్చయినా, శరీరము ఆ లెక్కను రోజంతటిలో సరిచేసుకుంటుంది.

2019లో ఇంగ్లండులోని బాత్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములవారు ఎక్కువ బరువున్న పురుషులచేత ఆరు వారములు సైకిలు యంత్రము త్రొక్కించారు. టిఫిను ముందు త్రొక్కినవారిలో, ఆ సమయములో, సుమారు రెండింతల కొవ్వు ఖర్చయింది. అయినా బరువు ఇద్దరికీ ఒక్కతీరుగనే ఉన్నది. అయితే టిఫిను ముందు చేసినవారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడినది. అది చిన్న మేలు కాదు. కాని ఆ మనుష్యులు షుగరు బిళ్ళలు మ్రింగి కాలువగట్టు మీదికి వెళ్ళినవారు కారు. ఈ తేడాను మనము మరువరాదు.

తిన్న తరువాత నడిస్తే కలిగే మేలు

షుగరు ఉన్నవారికి తిన్న తరువాత రక్తములో చక్కెర ఒక్కసారిగా పెరగడమే పెద్ద చిక్కు. మనము తినేది అన్నము, అదీ కంచము నిండుగా. పని చేస్తున్న కండరము ఇన్సులిన్ అంతగా లేకున్నను రక్తములోని చక్కెరను లాగుకొనగలదు. 2016లో న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు షుగరు ఉన్న 41 మందిని పరీక్షించారు. రోజుకు ఒకేసారి 30 నిమిషములు నడిచినప్పటికన్న, ముఖ్యమైన మూడు భోజనముల తరువాత పదేసి నిమిషములు నడిచినప్పుడు, తిన్న తరువాతి చక్కెర సగటున 12 శాతము తక్కువగా ఉన్నది. రాత్రి భోజనము తరువాత అయితే 22 శాతము తక్కువ. పది నిమిషముల నడకకు బూట్లు అక్కరలేదు, మైదానము అక్కరలేదు. ఇంటి నుండి వీధి చివరి దాకా రెండుసార్లు వెళ్ళి వస్తే చాలును.

అయితే తిన్న వెంటనే చేయవలసినది మెల్లని నడక మాత్రమే. కడుపు నిండుగా ఉన్నప్పుడు రక్తము జీర్ణకోశమునకు ఎక్కువగా వెళ్ళవలసి ఉంటుంది. ఆ సమయములో పరుగు, బరువులు మోయడము, గునపము పట్టడము మంచిది కాదు. కడుపు నిండా తిన్నవారు బరువైన పనికి గంటన్నర, రెండు గంటలు ఆగుట మేలు. గుండె జబ్బు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుండె నొప్పిని గూర్చి 1768లోనే లండనులో వివరించిన విలియం హెబర్డెన్ అనే వైద్యుడు, అది నడిచేటప్పుడు, ముఖ్యముగా ఎత్తు ఎక్కేటప్పుడు, తిన్న కొద్దిసేపటికే వస్తున్నదని గమనించి చెప్పాడు. నడుస్తుండగా రొమ్ము పట్టినట్లున్నా, ఎడమ చెయ్యి, దవడ లాగినా వెంటనే ఆగిపోవాలి. "గ్యాసు" అని సరిపెట్టుకొనక ఆలస్యము చేయకుండ ఆసుపత్రికి వెళ్ళాలి.

పరగడుపున ఎవరు వెళ్ళరాదు?

మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉన్నదని 2023లో భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము తెలియజేసినది. కాబట్టి ఈ మాటలు ప్రతి ఊరికీ కావలసినవే.

ఇన్సులిన్ తీసుకొనేవారు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి బిళ్ళలు వేసుకొనేవారు మందు పడిన తరువాత ఏమీ తినకుండ నడకకు వెళ్ళరాదు. ఈ మందులు మీరు తిన్నా తినకున్నా చక్కెరను తగ్గిస్తూనే ఉంటాయి. నడక కూడ తగ్గిస్తుంది. రెండూ కలిస్తే మా మామయ్యగారికి జరిగినదే జరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదము అరుదు. మీ బిళ్ళ ఏ జాతిదో తెలియకపోతే చీటీ పట్టుకొని వెళ్ళి మీ డాక్టరుగారిని అడగండి. అంతేగాని భయపడి బిళ్ళ మానవద్దు.

ఇంటిలో పరీక్ష యంత్రము ఉన్న యెడల, ఇట్టి మందులు వాడేవారు నడకకు ముందు చూచుకొని, 90 కన్న తక్కువ ఉంటే ఏదైనా తినే బయలుదేరాలి. 70 కన్న తగ్గితే అది ప్రమాదమే. వణుకు, చెమట, గుండె దడ, విపరీతమైన ఆకలి, చూపు మసక, తికమక మాటలు దాని గుర్తులు. అప్పుడు మూడు చెంచాల చక్కెరగాని గ్లూకోజు పొడిగాని నీళ్ళలో కలిపి త్రాగించాలి. 15 నిమిషములలో తగ్గకపోతే మరల ఇవ్వాలి, తేరుకున్న తరువాత భోజనము పెట్టాలి. తెలివి తప్పినవారి నోటిలో మాత్రము ఏదీ పోయవద్దు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

గర్భిణీ స్త్రీలు కూడ పరగడుపున ఎక్కువసేపు నడవకుండ కొంచెము ఏదైనా తిని వెళ్ళుట మంచిది. థైరాయిడు బిళ్ళ వాడేవారికి మాత్రము ఉదయపు నడక బాగా కలిసివస్తుంది. ఆ బిళ్ళను పరగడుపున నీళ్ళతో వేసుకొని అరగంట, గంట తరువాతనే టిఫిను తినాలి. ఆ మధ్య సమయము నడకకు సరిగా సరిపోతుంది.

ఇంటిలోని తల్లుల సంగతి

ఒక మాట సిగ్గుతోనే వ్రాయుచున్నాము. ఆ రోజు మామయ్యగారి చుట్టూ చేరి అందరమూ ఆయనను మందలించాము. తరువాత డాక్టరుగారు అత్తయ్యను కూడ అడిగినప్పుడు గాని మాకు తెలియలేదు, ఆమె కూడ అదే బిళ్ళ వేసుకొని పది గంటల వరకు ఏమీ తినడము లేదని! నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు తెచ్చి, గేదెను పితికి, అందరికీ వండి, నాట్ల సమయములో చేనుకు వెళ్ళి అక్కడ క్యారేజీ విప్పేవరకు ఆమె పరగడుపునే ఉండేది. "ఒక్కోసారి కళ్ళు తిరిగేవి, ఎండేమో అనుకున్నాను" అన్నది.

అది నడక కాదు గనుక మనము దానిని వ్యాయామమని లెక్కపెట్టలేదు. కాని శరీరమునకు ఆ తేడా తెలియదు. కడవ మోసినా, నారు నాటినా కండరము చక్కెరను ఖర్చు చేస్తుంది. "పరగడుపునా, తిన్న తరువాతనా" అన్న ప్రశ్న మొట్టమొదట అడగవలసినది మన ఇంటి తల్లిని గూర్చి. షుగరు మందు, తిండి రెండూ విడిపోకూడదు. పనికి దిగక ముందే ఒక గ్లాసు రాగి అంబలి, లేదా మజ్జిగ పోసిన గుప్పెడు చద్దన్నము ఆమె కడుపులో పడాలి. అది పడినదో లేదో చూచుకొనే బాధ్యత ఆమె భర్తది, పిల్లలది.

ఆదివారము ఆరాధన ముగిసేవరకు ఏమీ తినని కుటుంబములు, శ్రమకాలములో ఉపవాసముండే పెద్దలు మనలో ఉన్నారు. షుగరు మందు వాడేవారు ఆ దినములకు ముందుగానే డాక్టరుగారితో మాట్లాడి మందును గూర్చి నిర్ణయించుకోవాలి. మందు వేసుకొని, తినక, రెండు మైళ్ళు గుడికి నడచి వెళ్ళడము భక్తికి గుర్తు కాదు.

మరి ఏ వేళ మంచిది?

మీరు ఆరోగ్యవంతులైతే మీకు కుదిరే వేళే మంచి వేళ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు శ్రమ కావాలని. ఆ నిమిషములు నిండుట ముఖ్యము. మన ఎండాకాలములో ఎనిమిది గంటలకే ఎండ చురుక్కుమంటుంది గనుక వేసవిలో టిఫిను ముందే నడక ముగించుట తెలివైన పని. ఒక గ్లాసు నీళ్ళు త్రాగి బయలుదేరండి. చీకటిలో వెళ్ళేవారు టార్చిలైటు పట్టుకొని, ఎదురుగా వచ్చే బండ్లు కనబడునట్లు రోడ్డుకు కుడిప్రక్కగా నడవండి. ట్రాక్టరు, మోటారు సైకిలు వచ్చిన తరువాత పొలము పని ఉన్నవారికి కూడ నడక తగ్గినది. పనులు లేని నెలలలో అయితే చెప్పనక్కరలేదు.

మా మామయ్యగారు ఇప్పుడు బిళ్ళ వేసుకొని రెండు ఇడ్లీలు తిని, కాసేపు ఆగి కాలువగట్టుకు వెళుతున్నారు. జేబులో చక్కెర పొట్లము ఉంటుంది. తన జబ్బు పేరు, మా ఫోను నంబరు వ్రాసిన చిన్న చీటీ కూడ ఉంటుంది. రాత్రి భోజనము తరువాత అత్తయ్య, ఆయన కలిసి వీధి చివరి వేపచెట్టు వరకు మెల్లగా వెళ్ళి వస్తారు. నలభై యేండ్ల కాపురములో తాము ఊరికే కలిసి నడచినది ఇప్పుడేనని అత్తయ్య నవ్వుతూ చెబుతుంది.

మీ ఇంటిలో ఉదయము బిళ్ళ వేసుకొనేవారు ఎవరో, దాని తరువాత ఎంతసేపటికి తింటున్నారో రేపు ఉదయమే అడిగి తెలుసుకొనండి.