ప్రాగ్‌లో ఒంటరిగా ఒక రోజు.. కాలినడకన

యూరప్ టూర్ అనగానే మనవాళ్లలో చాలామంది వారంలో అయిదారు దేశాలు చుట్టేసే బస్సు ప్యాకేజీ తీసుకుంటారు. అందులో చెక్ రాజధాని ప్రాగ్‌కు దక్కేది మహా అయితే ఒక పూట. గడియారం దగ్గర ఒక ఫొటో, వంతెన మీద ఇంకో ఫొటో, మళ్లీ బస్సు. ఈ ఊరికి అది అన్యాయమే. పాత ప్రాగ్ మొత్తం నడిచి చూడొచ్చు, తోడు లేదని ఆగక్కర్లేదు. పైగా ఇక్కడ అసలు చూడాల్సినవి కొన్ని కాళ్ల కిందే ఉంటాయి. గుంపులో వెళ్తే వాటిని తొక్కుకుంటూ పోతాం.

ముందు డబ్బుల సంగతి. చెక్ దేశం షెంజెన్‌లో ఉన్నా కరెన్సీ యూరో కాదు, కొరునా. ఏటీఎం మీ దేశపు కరెన్సీలో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దనండి, కొరునాల్లోనే తీసుకోండి. వీధిలో ఎవరైనా మంచి రేటుకు మారుస్తామని వస్తే ఆగకండి. చెల్లని విదేశీ నోట్లు అంటగడతారు. మనీ ఎక్స్‌చేంజ్ షాపులో రేటు మోసమనిపిస్తే మాత్రం ఒక దారి ఉంది. 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం వెయ్యి యూరోల విలువ వరకు మార్చుకున్న సొమ్మును మూడు గంటల్లోగా అదే షాపులో వెనక్కి ఇచ్చేయొచ్చు. రసీదు పారేయకండి.

ఇక నడక. తెల్లవారగానే చార్లెస్ వంతెన మీద ఉండండి. తొమ్మిది దాటితే అక్కడ మన తీర్థం రోజు రద్దీ. చక్రవర్తి నాలుగో చార్లెస్ దీనికి 1357లో పునాదిరాయి వేశాడు. ముహూర్తం జూలై 9, ఉదయం 5:31 అని చెబుతారు. వరుసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ముహూర్తాల పట్టింపు మన ఒక్కరిదే కాదన్నమాట! వంతెనకు రెండు పక్కలా 30 విగ్రహాలుంటాయి. ఎండావానలకు పాడవుతున్నాయని చాలా అసలు విగ్రహాలను మ్యూజియంకు తరలించి నకళ్లు పెట్టారు.

వంతెన దాటాక కోట కొండ మీద ఉంటుంది. నడిచి ఎక్కి అక్కడే అలసిపోవద్దు. 22వ నంబర్ ట్రామ్ పైకి తీసుకెళ్తుంది. టికెట్ కొంటే సరిపోదు, మెషీన్‌లో ముద్ర వేయించాలి, లేదంటే జరిమానా. ఈ ట్రామ్‌లో జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు ముందుకు వేసుకోండి. కోట ఆవరణల్లోకి టికెట్ అక్కర్లేదు. లోపలి సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయింది. ఊళ్లో కట్టిస్తున్న ఇల్లు మూడేళ్లయినా తేలడం లేదని దిగులుపడేవాళ్లు తప్పక చూడాలి.

తూర్పు గేటు నుంచి పాత మెట్ల దారిన దిగి, మానెస్ వంతెన దాటితే పాత యూదుల పేట. ఇక్కడ తొందరపడకండి. పింకాస్ సినగాగ్ గోడల నిండా చిన్న అక్షరాల్లో పేర్లే. నాజీల చేతిలో బలైన బొహీమియా, మొరావియా యూదులు దాదాపు 78 వేల మంది. ఇంటిపేరు, వ్యక్తి పేరు, పుట్టిన తేదీ. ఒకే ఇంటిపేరు కింద తాత నుంచి మనవరాలి దాకా వరుసగా కనిపిస్తుంటే కదలబుద్ధి కాదు. పై అంతస్తులో టెరెజిన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. వాళ్లకు బొమ్మలు నేర్పిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్‌ను 1944లో ఆష్విట్జ్‌కు పంపి చంపేశారు. వెళ్లేముందు ఆమె రెండు సూట్‌కేసుల్లో దాచిన బొమ్మలు సుమారు 4,500. పక్కనే శ్మశానం. చోటు చాలక సమాధి మీద సమాధి కట్టారు. శనివారం, యూదుల పండుగ రోజుల్లో ఇవన్నీ మూసి ఉంటాయి. ప్రయాణం తేదీ వేసుకునేటప్పుడే చూసుకోండి.

పాత నగర కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారం గంట కొట్టినప్పుడల్లా జనం ఫోన్లు పైకెత్తుతారు. ఆ బొమ్మల కదలిక నిమిషంలోపే అయిపోతుంది. నాకైతే గడియారం ఉన్న టౌన్‌హాల్ పక్కనే రాళ్లలో పొదిగిన 27 తెల్ల శిలువలే ముఖ్యం. హాబ్స్‌బర్గ్ రాజ్యంపై తిరగబడ్డ 27 మందికి 1621 జూన్ 21న ఇక్కడే మరణశిక్ష అమలు చేశారు. చాలామంది వాటి మీదే నిలబడి గడియారాన్ని చూస్తుంటారు.

శాకాహారులకు భోజనం ఇబ్బందేమీ కాదు. వేయించిన చీజ్, బంగాళాదుంపలు ఎక్కడైనా దొరుకుతాయి. సూప్ మాత్రం మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో అడిగి తీసుకోండి. రోడ్డు పక్క కాల్చే తియ్యటి ట్రెడల్నిక్‌ను పాతకాలపు ప్రాగ్ వంటకమంటారు కానీ, కాదు. తింటే తప్పులేదు.

సాయంత్రం వెన్సెస్లాస్ స్క్వేర్‌కు రండి. సోవియట్ సేనల ఆక్రమణకు దేశం లొంగిపోతోందన్న ఆవేదనతో యాన్ పాలాఖ్ అనే విద్యార్థి 1969 జనవరిలో ప్రాణాలు వదులుకున్నది ఇక్కడి నిరసనలోనే. నేషనల్ మ్యూజియం ముందు, పేవ్‌మెంట్ ఉబ్బినట్టుండేచోట కంచు శిలువ ఉంది, అది అతని గుర్తు. ఇరవయ్యేళ్ల తర్వాత, 1989 నవంబర్‌లో జనం ఇదే కూడలిలో ఇంటి తాళాల గుత్తులు గలగలలాడించి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని సాగనంపారు. శిలువకు దగ్గర్లోనే మ్యూజియం మెట్రో స్టేషన్. రెండు లైన్లు అక్కడ కలుస్తాయి కాబట్టి హోటల్‌కు చేరడం తేలికే.