వేట లేని నెలల్లో పరీక్ష ఫీజు

మైపాడు తీరంలో డిగ్రీ పూర్తి చేసిన పిల్లలకు పీజీ ఎంట్రన్సంటే సిలబస్ కంటే ముందు డబ్బు లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతోంది? తక్కువ ఖర్చుతో ఎలా గట్టెక్కాలి? ఎవరి వంతు ఏమిటి?

ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి మైపాడు ఒడ్డున ఇంజన్ పడవలన్నీ ఇసుక మీదికి చేరతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా జూన్ 14 దాకా, అంటే 61 రోజులపాటు, మరపడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం. వలలు బాగుచేసుకోవాలి, ఇంజన్లు విప్పి చూసుకోవాలి. చేతినుంచి డబ్బు పోవడమే గానీ వేట మీద వచ్చేది ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ దరఖాస్తుల గడువు వస్తుంది. జూన్ రెండో వారంలో పరీక్షలు కూడా అయిపోతుంటాయి.

మైపాడులోనే కాదు, నెల్లూరు తీరంలోని మత్స్యకార గ్రామాలన్నిటిలో చిక్కు ఇక్కడే ఉంది. ఫీజు మొత్తం చూస్తే కొండంత కాదు. కానీ సముద్రం డబ్బిచ్చే నెలలు వేరు, పరీక్షలు డబ్బడిగే నెలలు వేరు. ఈ రెండూ కలవకపోవడం వల్లే చదవగల పిల్లలు డిగ్రీతో ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఎంతవుతుంది?

ఒక మత్స్యకార కుటుంబంలో బీఎస్సీ పూర్తి చేస్తున్న అమ్మాయిని ఊహించుకుందాం. పట్టపు, పల్లి, అగ్నికుల క్షత్రియ వంటి మత్స్యకార కులాలు రాష్ట్రంలో బీసీ-ఏ కిందికి వస్తాయి. పీజీసెట్‌కు ఓసీలకు 850, బీసీలకు 750, ఎస్సీ, ఎస్టీలకు 650 రూపాయలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల చేరాలంటే సీయూఈటీ పీజీ రాయాలి. 2025లో రెండు పేపర్ల వరకు జనరల్‌కు 1,400, ఓబీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 1,100. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ఉంది. 2026 పరీక్షకు ఒక పేపరుకు అమ్మాయిలకూ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకూ 1,000, మిగతా అందరికీ 2,000.

మూడూ రాస్తే ఆ అమ్మాయికి 2,950 రూపాయలు. అదే ఇంట్లో అన్నో తమ్ముడో రాస్తే 3,950. జామ్‌తోపాటు ఎంటెక్‌కు రాసే గేట్, ఎంబీఏకు రాసే క్యాట్ పరీక్షల ఫీజులో ఓబీసీ అబ్బాయిలకు రాయితీ లేదు. సీటు దగ్గర రిజర్వేషన్ ఉన్నా, ఫీజు కట్టే దగ్గర పడవ మీద కూలికి వెళ్లేవాడి కొడుకూ పెద్ద ఉద్యోగి కొడుకూ ఒకటే. గేట్ 2026కు 2,000, క్యాట్ 2025కు 2,600 కట్టాల్సిందే.

దీనికి నెట్ సెంటర్ ఖర్చు, ఫొటోలు, ప్రింట్లు, నెల్లూరుకు రానుపోను చార్జీలు కలపాలి. వాటికి మరో 1,500 వేసుకుంటే మొత్తం నాలుగున్నర నుంచి ఐదున్నర వేలు. పడవ తెచ్చిన చేపల అమ్మకంలోంచి డీజిలు, ఐసు ఖర్చు పోగా, పడవ వాటా తీయగా మిగిలింది పనివాళ్లు పంచుకునే ఇళ్లకు ఇది ఒక్కసారిగా తీయగలిగే డబ్బు కాదు. తీయాలంటే చేపలు కొనే వ్యాపారి దగ్గర అడ్వాన్సు అడగాలి. అడ్వాన్సు తీసుకున్నాక చేప ఆ వ్యాపారికే, అతను చెప్పిన రేటుకే పోతుంది.

గడువు దాటితే అసలు ఖర్చు

డబ్బు చేతికందేసరికి చివరి తేదీ దాటిపోతుంది. గేట్‌కు ఆలస్య రుసుము 500. వెయ్యి కట్టాల్సిన అమ్మాయికి అది సగం పెరుగుదల. పీజీసెట్‌కూ ఆలస్యమైన కొద్దీ రుసుము పెరుగుతూ పోతుంది. ఎవరి దగ్గర డబ్బు ఆలస్యంగా వస్తుందో వాళ్లే ఎక్కువ కడుతున్నారన్నమాట.

ధ్రువపత్రాల దగ్గర ఇంకో దెబ్బ. మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. వాటికి విడిగా ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఉండాలి. అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే అడుగుతారు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే అక్కడ అప్లికేషన్ ఆగుతుంది. ఫొటో సైజు కుదరక ఇంకోసారి, సంతకం మసకగా ఉందని మరోసారి నెట్ సెంటర్‌కు తిరగాలి. మైపాడు నుంచి నెల్లూరు పాతిక కిలోమీటర్ల దూరం. ఒక్క కాగితం తక్కువైతే పోయేది బస్సు చార్జీ మాత్రమే కాదు, ఆ రోజు కూలి కూడా.

ఈ తీరంలో యానాదుల ఇబ్బంది ఇంకా పెద్దది. ఎస్టీలుగా వాళ్లకు అన్ని ఫీజుల్లోనూ రాయితీ ఉంది. కానీ కుల ధ్రువపత్రం చేతిలో లేకపోతే ఆ రాయితీ కాగితం మీదే మిగిలిపోతుంది.

వేట మొదలైన రోజు నుంచే లెక్క

దారి లేకపోలేదు. జూన్ 15న పడవలు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. డిగ్రీ చివరి సంవత్సరంలో పిల్లలున్న ఇల్లు ఆ నెల నుంచే 500 రూపాయలు విడిగా దాచడం మొదలుపెట్టాలి. ఆగస్టు చివర్లో గేట్, సెప్టెంబరులో జామ్ దరఖాస్తులు మొదలవుతాయి. అప్పటికి 1,500 చేతిలో ఉంటే అమ్మాయి ఆ రెండింటిలో ఒకదానికి ఆలస్య రుసుము లేకుండా కట్టేయగలదు. అబ్బాయికి ఇంకో 500 సర్దితే చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరుకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాను హెచ్చరికలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు చూశాం, ఒక్క తుపానుతో ఎన్ని వేట రోజులు పోతాయో. కాబట్టి ఆ మూడు నెలల మీద ఆశ పెట్టుకోకూడదు. డిసెంబరు, జనవరిల్లో సీయూఈటీ పీజీకి కట్టాలి. పీజీసెట్‌కు కావలసిన 750 మాత్రం మార్చిలోపే పక్కన పెట్టేయాలి. ఏప్రిల్లో వెతుక్కుంటే దొరకదు. ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే వేట నిషేధ భృతి 2025లో పది వేల నుంచి 20 వేలకు పెరిగింది. కానీ అది రెండు నెలల తిండి డబ్బు. దాన్నే నమ్ముకుని ఫీజు ఆపుకోకూడదు.

సర్టిఫికెట్ల పని ఏప్రిల్, మే నెలల్లోనే గ్రామ సచివాలయంలో ముగించుకోవాలి. వేట లేని ఆ రోజుల్లో నాన్న ఇంట్లోనే ఉంటాడు, వెంట వస్తాడు, కూలి పోదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. వాళ్లకు ఆ ఖర్చూ తగ్గింది.

ఏది రాయాలి, ఎలా చదవాలి?

డబ్బు తక్కువున్నప్పుడు కనిపించిన ప్రతి పరీక్షా రాయకూడదు. ఒకసారి కట్టిన ఫీజు ఎంతకాలం పనికొస్తుందో చూడాలి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే ఏఐసీటీఈ నెలకు 12,400 స్టైపెండ్ ఇస్తుంది. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు ఉద్యోగాలకూ దాన్నే చూస్తాయి. సీయూఈటీ స్కోరు ఆ ఏడాదికే. నెల్లూరు దగ్గర కాకుటూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి యూనివర్సిటీలో చదవాలనుకుంటే పీజీసెట్ ఒక్కటి బాగా రాస్తే చాలు. ఇంటి నుంచి వెళ్లి రావచ్చు. అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు జీఆర్‌ఈ ఒక్కదానికే 22 వేల దాకా అవుతుంది. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు జీఆర్‌ఈ అడగడం లేదు. డబ్బు కట్టే ముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

కోచింగ్ లేకపోతే రాదన్న భయం పోవాలి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఎవరైనా ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. గేట్, జామ్ పాత ప్రశ్నపత్రాలు వాటి వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. అచ్చు పుస్తకాలకు నెల్లూరు జిల్లా గ్రంథాలయం ఉంది. గడియారం పెట్టుకుని పాత పేపర్లు పదేపదే రాసినవాళ్లకు వేలు పోసే టెస్ట్ సిరీస్ అవసరం తగ్గుతుంది.

చదువుకు చేయూత మనకు కొత్త కాదు

పేదరికంలో పుట్టి, రంగూన్ వెళ్లి కష్టపడి, వ్యాపారంలో ఎదిగిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని చదువుకూ ధర్మానికీ రాసిచ్చారు. 1920లలో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌కు బయల్దేరినప్పుడు అండగా నిలిచినవాటిలో కాకినాడలోని నాయకర్ ధర్మసంస్థ ఒకటి. సుబ్బారావు మామగారు పోగుచేసిన డబ్బు దానికి తోడైంది. బోస్టన్ చేరాక ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ చదివారు. కేన్సర్ చికిత్సలో నేటికీ వాడే మెథోట్రెక్సేట్ వెనుక ఆయన పరిశోధన ఉంది. రంగూన్‌లో సంపాదించిన డబ్బు ఒక విద్యార్థిని సముద్రం దాటించింది.

మైపాడుకు అంత ఆస్తి అక్కర్లేదు. ఊళ్లో ఇరవైమంది పరీక్ష రాస్తారనుకున్నా, మనిషికి మూడు వేల చొప్పున 60 వేలు. మత్స్యకార సంఘం, పడవల యజమానులు, చుట్టుపక్కల రొయ్యల రైతులు, ఊరు విడిచి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కలిస్తే ఒక్క సీజన్లో పోగయ్యే మొత్తం. డిగ్రీ కాలేజీలు దరఖాస్తులు నింపడానికి వారానికో పూట కేటాయిస్తే నెట్ సెంటర్ ఖర్చు, తప్పులు రెండూ తగ్గుతాయి.

అసలు బాధ్యత మాత్రం పరీక్షలు పెట్టేవాళ్లదే. దేశంలో ఎంతో పేరున్న ఉద్యోగ పరీక్ష సివిల్స్‌కు ఫీజు 100 రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు అదీ లేదు. రైల్వే 2018 నుంచి నియామక పరీక్షకు 500 కట్టించుకుని, హాజరైనవాళ్లకు 400 వెనక్కిస్తోంది. రాయితీ వర్గాలవాళ్లకు వాళ్లు కట్టిన 250 మొత్తం తిరిగి ఇస్తోంది. ఉద్యోగానికి సాధ్యమైంది చదువుకు ఎందుకు కాదు? గేట్, జామ్ ఫీజు రాయితీకి కుటుంబ ఆదాయాన్నీ ప్రాతిపదిక చేయాలి. పీజీసెట్‌లో వేట నిషేధ భృతి అందుకునే ఇళ్ల పిల్లలకు ఆలస్య రుసుము పూర్తిగా ఎత్తేయాలి. ఫీజును సీటు వచ్చాక, కౌన్సెలింగ్‌లో కట్టే వీలివ్వాలి. ఏ ఇళ్లకు ఏప్రిల్ 15 నుంచి ఆదాయం ఉండదో ప్రభుత్వం దగ్గర పేరుపేరునా జాబితా ఉంది. భృతికి వాడే ఆ జాబితానే పీజీసెట్ కన్వీనరుకూ పంపాలి. వచ్చే నోటిఫికేషన్ వెలువడేలోపే ఆ పని జరగాలి.