విడుట వేఱు, విరుగుట వేఱు

మన భాషలో విడుట యనునది యొకటి, విరుగుట యనునది యొకటి కలవు. ముడి విడును, కొమ్మ విరుగును. విడిన ముడిని మరల వేయవచ్చును. విరిగిన కొమ్మను చెట్టునకు అతుకజాలము. పాలు విరిగిన పిమ్మట తిరిగి పాలు కానేరవు. ఉప్పు నీటిలో విడివడినను, నీరెండిన పిదప ఉప్పుగనే మిగులును. ఈ చిన్న భేదమును మనస్సున నుంచుకొన్న సోదరీమణులకు, శాస్త్రగ్రంథములలో మాటిమాటికి కనబడు ‘డిసోసియేషన్’ అను పదము సుబోధమగును. కూడియున్నవి విడివడుట యని దాని యర్థము. విఘటనమనియు, వియోజనమనియు దీనిని మనవారు వ్యవహరించుచున్నారు.

రసాయన శాస్త్రజ్ఞులు, జీవశాస్త్రజ్ఞులు, మనశ్శాస్త్రజ్ఞులు ఈ యొక్క మాటనే వాడుదురు గాని, మువ్వురును ఒకే సంగతిని చెప్పుట లేదు. పేరొకటే గనుక విషయమొకటే యనుకొనరాదు. మూడింటికిని పొత్తే లేదనియు అనరాదు. ఆ పొత్తు ఎంతవఱకో తెలిసికొనుట గృహిణులకు వట్టి వినోదము గాదు. ఒక్కొక్కప్పుడు ఇంటనున్న ఆడుపిల్ల బ్రదుకు దానిపై నాధారపడియుండును.

నీటిలో విడుట

ఇత్తడి పాత్రలకు కళాయి వేయువాడు కాగిన గిన్నెలో నవాసాగరపు పొడి చల్లగనే తెల్లని పొగ లేచుటను మనలో పెద్దవారెల్లరు చూచియుందురు. ఆ పొగలో నొక పాఠము కలదు. వేడి సోకగనే నవాసాగరము అమ్మోనియా యనియు, హైడ్రోజన్ క్లోరైడనియు రెండు వాయువులుగా విడివడును. అందు కొంత పాత్రకు పట్టిన చిలుమును తినివేయును. తక్కినది పైకి లేచి, చల్లబడి, మరల కలిసి, సన్నని నవాసాగరపు పొడియై తెల్లని పొగవలె గానవచ్చును. వేడి విడదీసినదానిని చల్లదనము కలిపినది. ఫ్రాన్సు దేశపు పండితుడు సెంట్ క్లేర్ డెవిల్ 1857 ప్రాంతమున, ఇట్లు వేడిచే విడి చల్లదనముచే కలియు మార్పునకే డిసోసియేషన్ అను పేరు నిచ్చెను.

తరువాత స్వీడన్ దేశమున స్వాంటె అరీనియస్ అను యువకుడు 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు ఒక సిద్ధాంతవ్యాసము సమర్పించెను. ఉప్పువంటి పదార్థములు నీటిలో కలిసినపుడు విద్యుదావేశముగల కణములుగా విడివడియుండునని ఆతని వాదము. ఆ కణములకే అయాన్లని పేరు. పరీక్షకులు ఆ వ్యాసమునకు తక్కువ శ్రేణి నిచ్చిరి. ఆ సిద్ధాంతమునకే 1903లో ఆతనికి నోబెల్ బహుమానము వచ్చెను.

అన్ని పదార్థములును ఒకే తీరున విడవు. ఉప్పు పూర్ణముగా విడివడును. వంటలో వాడు వినిగరులోని ఆమ్లము నూటికొక పాలైనను విడదు. విడుచు, కలియుచు, ఆ రెండింటికి నడుమ నొక తూకమున నిలిచియుండును. అందుచేతనే వినిగరును కూరలో వేయగలము. పూర్ణముగా విడివడు గాఢామ్లమును తాకనైన తాకలేము.

ఈ సంగతి మా ప్రాంతపు స్త్రీలకు మిక్కిలి యవసరము. మేము నివసించు హత్నూర సంగారెడ్డి జిల్లాలోనిది. మాకు సమీపముననున్న పటాన్‌చెరు, బొల్లారముల చుట్టును మందుల కర్మాగారములు, రసాయన కర్మాగారములు బహుళముగా వెలసినవి. వాని వ్యర్థజలములచే నక్కవాగు చెడి, పొలములును బావులును పాడైన వ్యవహారము 1990లో సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. ఆ జలములను శుద్ధిచేయుటకు 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి కేంద్రమొకటి నెలకొన్నది. అట్టి కేంద్రములలో పెంచబడు సూక్ష్మజీవులు కుళ్లు పదార్థములను తినగలవు గాని, నీట విడివడిన లవణములను తినజాలవు. బట్టతో వడకట్టిన అవి బట్టలో నిలువవు. కాచిన ఆవిరితో పోవు. నీరు తగ్గినకొలది మఱింత చిక్కబడును. కాచుట వలన రోగక్రిములు చచ్చునుగాన కాచుట మంచిదే. కాని కాచిన నీరెల్ల దోషరహితమని తలపరాదు.

ఫ్లోరైడు కథయు నిట్టిదే. నాటి చెన్నపురి రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి నడుములు వంగుటను వైద్యులు 1937లో వెల్లడించిరి. నల్లగొండ జిల్లా ప్రజలు ఆ వ్యాధిచే పడిన పాట్లు లోకవిదితములు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు లోపుగా నుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. నాగపురములోని జాతీయ పరిశోధనసంస్థవారు కనిపెట్టిన ‘నల్లగొండ పద్ధతి’లో పటికయు సున్నమును నీట కలుపుదురు. విడిగా తిరుగుచున్న ఫ్లోరైడు ఆ పటిక తెట్టెకు పట్టుకొని అడుగునకు దిగును. ఇట్లు విడివడినదానిని వేఱొకదానితో కూర్చియే తొలగింపగలిగిరి.

నెత్తుటిలో విడుట

జీవశాస్త్రమున ఈ మాట ముఖ్యముగా నెత్తుటిని గుఱించి వినబడును. రక్తములో ఎఱ్ఱని రంగునకు కారణమైన హిమోగ్లోబిన్ అను పదార్థము ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని, దేహమెల్ల తిరిగి, అవసరమైన చోట విడుచును. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువు నాలుగు ప్రాణవాయువు అణువులను మోయగలదు. పట్టుకొనుట యెంత ముఖ్యమో విడుచుట యంత ముఖ్యము. పుట్టినింటి సారె బండినిండ నెక్కించుకొని, అత్తవారి వాకిట దింపక త్రిప్పుకొనిపోయిన ఏమి లాభము? పనిచేయు కండరములలో వేడిమియు, బొగ్గుపులుసు వాయువును హెచ్చును. ఆ హెచ్చుట చేతనే రక్తము అచ్చట ప్రాణవాయువును ఎక్కువగా విడుచును. బొగ్గుపులుసు వాయువు చేయు ఈ పనిని 1904లో డెన్మార్కు పండితుడు క్రిస్టియన్ బోర్, ఆతని సహచరులు వెల్లడించిరి.

గర్భస్థశిశువు నెత్తుటిలోని హిమోగ్లోబిన్ వేఱు రకము. అది తల్లి హిమోగ్లోబిన్ కంటె గట్టిగా ప్రాణవాయువును పట్టుకొనును. మావియొద్ద తల్లి నెత్తురు విడిచినదానిని బిడ్డ నెత్తురు అందుకొనును. తల్లికి రక్తహీనత యున్న విడుచుటకే సరకు తక్కువ. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులని తేలినది. కావున గర్భిణికి ఇచ్చు ఇనుము మాత్రలను అలమారలో దాచి యుంచుట తగదు.

విడువకుండుట ఎంత యపాయమో కుంపటి చెప్పును. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినచో, సగము కాలిన బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను వాసన లేని వాయువు పుట్టును. అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో హిమోగ్లోబిన్‌ను అంటుకొని సులభముగా విడువదు. కిటికీ నొకదానిని తెఱచియుంచినను ఈ యపాయము తప్పదు గనుక, బాలింత గదిలో కుంపటి పెట్టకుండుటయే ప్రాణరక్షణము.

మా పొలములలో విరివిగా పండు మొక్కజొన్నలోను ఈ మాట కలదు. అమెరికా శాస్త్రజ్ఞురాలు బార్బరా మెక్లింటాక్ మచ్చల గింజలను పరీక్షించి, వంశలక్షణములను మోయు పోగులు ఒకానొక చోట తెగుటను కనుగొని, అచ్చటి అంశమునకు ‘డిసోసియేషన్’ అని పేరు పెట్టెను. ఆ యంశము రంగునిచ్చు జన్యువులో చొరబడినచో గింజ తెల్లబోవును; అచ్చటినుండి తొలగిన కణములకు రంగు తిరిగి వచ్చి మచ్చలగును. ఆమె 1940 తరువాత చెప్పిన ఈ సంగతిని పెక్కుమంది చిరకాలము పట్టించుకొనలేదు. 1983లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది.

మనస్సులో విడుట

ఇక మనస్సు. మన స్మృతి, మన ఎఱుక, మన దేహచలనము, నేననెడి భావము సాధారణముగా జడలోని పాయలవలె అల్లుకొని యుండును. దుఃఖము గాని, భయము గాని, చిరకాలపు హింస గాని తాకినపుడు కొందఱిలో ఒక పాయ విడివడును. ఒకతె జరిగినదానిని మఱచును. ఒకతె కాలుచేతులు స్వాధీనము తప్పును. ఒకతె మూర్ఛవచ్చినట్లు పడిపోవును. ఒకతె వేఱొకరి గొంతుతో మాటాడును. ఫ్రాన్సులో పియేర్ జానే అను పండితుడు 1889లో ప్రకటించిన గ్రంథమున ఇట్టివారిని గుఱించి వివరముగా చర్చించెను. అంతకు మున్ను దీనిని హిస్టీరియా యనుచుండిరి. గర్భాశయమను అర్థముగల గ్రీకుపదమునుండి పుట్టినందున అది స్త్రీలకే పరిమితమను భ్రాంతి ప్రబలెను. 1914-18 నాటి మహాయుద్ధమున యోధులైన పురుషులకే మాటలు పడిపోయి, కాళ్లు చచ్చుబడగా, ఆ భ్రాంతి తొలగవలసివచ్చినది. 1980లో అమెరికా మనోవైద్యులు తమ రోగపట్టికనుండి ఆ పాత పేరును తీసివేసిరి.

ఇట్టి స్థితిలోనున్న కోడలిని మన ఇండ్లలో రెండు మాటలలో నొకటి యందురు: ‘దయ్యము పట్టినది’ యనియో, ‘వేషములు వేయుచున్నది’ యనియో. రెండవ మాటకు ఉత్తరముగా శకుంతల కథను తలచుకొందము. భారతమున దుష్యంతుడు సర్వమెఱిగియుండియే, లోకులేమందురో యని, ఆమెను ఎఱుగనని బొంకెను. కాళిదాసుని నాటకమున ఆతడు నిజముగనే మఱచెను. ఉంగరము చూడగనే స్మృతి వచ్చెను. నోటి మాట రెండుచోట్ల నొకటే. మనఃస్థితులు మాత్రము పూర్తిగా వేఱు. కవి చెప్పిన శాపమును రోగమనుట మా యుద్దేశము గాదు. మఱచినవారిని బొంకినవారిగా నెంచరాదనుటకే ఈ పోలిక. విడివడిన మనస్సు గలది నటించుట లేదు. తన యిచ్ఛ లేకయే ఆమెకు అట్లగుచున్నది.

మొదటి మాటకు ఉత్తరము వేఱు. సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మఱునాడు రంగమున ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి వినిపించును. దానిని రోగమనువారు లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పదునొకండవ రోగవర్గీకరణము 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. తనవారి ఆచారములో మతములో అంగీకరింపబడిన ఆవేశమును అది రోగముగా నెంచదు. ఇచ్ఛ లేకయే, ఆచారమునకు వెలుపల కలిగి, బ్రదుకును చెఱచునదానినే చికిత్సకు తగినదనును.

అట్టిచోట మిరపకాయల పొగ పెట్టుట, వేపబెత్తముతో కొట్టుట, ముక్కు మూయుట క్రూరకృత్యములు. భయముచే విడివడినదానిని భయముతో కలుపజాలము. పడిపోయినపుడు చుట్టు మూగక గాలి యాడనిండు. గాయపఱచు వస్తువులను తొలగించి, ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. నోట నేమియు పెట్టకుడు. అయిదు నిమిషములు దాటినను, గాయమైనను 108కి తెలుపుడు. మూర్ఛరోగమేమో యని వైద్యుడు మొదట పరీక్షింపవలెను. దానికి మందులు వేఱు. తెలివి వచ్చిన పిదప పేరుపెట్టి మెల్లగా పిలిచి, పాదములు నేలకు ఆనించి కూర్చుండబెట్టి, తానెచ్చటనున్నదో, ఎవరు దగ్గఱనున్నారో చెప్పుడు. నిలదీసి యడుగకుడు. కొన్నాళ్లు గడచిన తరువాత ఆమె నోరు విప్పుకొనుటకు ఏకాంతమును, నమ్మదగిన వినికిడిని కల్పింపుడు. ఇంటిలోనే ఎవరైన ఆమెను హింసించుచున్నచో, అది మానకుండ ఏ మందును పనిచేయదు.

‘ఎర్రగడ్డకు పంపవలెను’ అని హైదరాబాదు చుట్టుపట్లవారు పరిహాసమాడుట మనము వినుచునే యున్నాము. అచ్చటిది పరిహాసస్థలము గాదు, ప్రభుత్వ మానసిక చికిత్సాలయము. అంతదూరము పోలేనివారికి 2022లో ప్రారంభమైన టెలి మానస్ కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో వెల లేకయే తెలుగున మాటాడువారు దొరకుదురు.

మూడు శాస్త్రముల మాటలను ఒకే త్రాసున తూచరాదని మున్నే చెప్పితిమి. ఉప్పు ఎంత విడినదో కొలిచి చెప్పవచ్చును. నెత్తురు ఎంత ప్రాణవాయువును విడిచినదో కొలువవచ్చును. మనస్సును అట్లు కొలుచు పరికరము లేదు. ఉప్పునకు దుఃఖము లేదు, మనిషికి కలదు. అయినను మూడుచోట్లను ఒకే ప్రశ్న పనికివచ్చుచున్నది: ఏది విడినది, దేనివలన విడినది, ఏమి చేసిన కూడును? కళాయివాని గిన్నెలో చల్లదనము కూర్చినది. ఇంటిలో కూర్చవలసిన చల్లదనము ఇంటివారి చేతిలోనిది. కోడలు పడిపోయిన నాడు వైద్యునికంటె ముందుగా ఆమె చెంత నుండునది అత్తయో, ఆడుబిడ్డయో, తోడికోడలో. ఆ మొదటి గడియలో ఆమెతో ఏమి యనవలెనో, ఏమి యనరాదో నేడే ఇంటిలో చెప్పుకొనియుండుట మేలు.